రాకపోకల పుస్తకంలో ఒక గురువారం

విజయవాడ,
23 జూన్ 1974.

చిరంజీవి సువార్తకు నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం పంతొమ్మిదిన అందింది. రెండు పేజీల్లో మూడు కొట్టివేతలున్నాయి. చల్లపల్లిలో పిల్లలకు చదువు చెప్పే మనిషివి. ఆలోచించాక కలం పెట్టు.

మే నెలలో మన వీధిలో నాలుగు దొంగతనాలు జరిగాయి. శౌరమ్మ ఇత్తడి బిందెలు రెండు, రైల్వేలో రిటైరైన సంజీవరావు గారి సైకిలు, మూలింటివాళ్ళు ఆరేసుకున్న చీరలు. చివరికి మన చర్చి గోడ గడియారం కూడా పోయింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కొత్తగా వచ్చిన ఎస్సై గారు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. కుర్రవాడే గాని మర్యాదస్తుడు.

"స్టేషన్లో ఉన్నది పదకొండు మందిమండి. వీధులు అరవై పైగా ఉన్నాయి. మీ వీధికి మీరే కళ్ళు, మేము కాళ్ళం" అన్నాడు.

"నా బిందెలు పోయినప్పుడు ఆ కాళ్ళు రావడానికి మూడు రోజులు పట్టింది నాయనా" అంది శౌరమ్మ. ఎస్సై కూడా నవ్వాడు.

మొత్తానికి వీధి రక్షణ సంఘం ఏర్పడింది. ముప్పై రెండు ఇళ్ళు. రాత్రి గస్తీకి మగవాళ్ళు నలుగురేసి, ఈలలతో. పగటికి ఒక పుస్తకం. వీధిలోకి బయటివాళ్ళు ఎవరు వచ్చారు, ఏ పని మీద, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు, అన్నీ అందులో రాయాలి. వారానికి ఒకసారి కానిస్టేబులు వచ్చి చూసి సంతకం పెడతాడు. "పగలు ఇంటి పట్టున ఉండి, చదువొచ్చి, కునుకు తీయని మనిషి ఎవరండీ?" అని ఎస్సై అడిగితే అందరూ నావైపే చూశారు. మన వీధికి దారి ఒకటే, మొదటి ఇల్లు మనదే కనుక నేనూ కాదనలేదు. డెబ్భై ఒకటో ఏట మళ్ళీ హాజరుపట్టీ చేతికొచ్చింది. అయిదు గళ్ళు గీశాను: తేదీ, పేరు, పని, రాక, పోక. వరండాలో కుర్చీ వేసుకుని, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

చాపల రత్తయ్య చేత ఊరగాయ డబ్బా పంపుతున్నాను. మూత గట్టిగా ఉందో లేదో చూసుకుని తీసుకో.

నాయనమ్మ,
సంపూర్ణమ్మ.

*

చల్లపల్లి,
30 జూన్ 1974.

పూజ్యులైన నాయనమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు.

ఈసారి కొట్టివేతలు లేకుండా చిత్తుప్రతి రాసి, ఎత్తి రాస్తున్నాను.

డబ్బా భద్రంగా అందింది. రత్తయ్య పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు. ఇక్కడికి రెండు మైళ్ళలో వాళ్ళ పల్లె. ఇంట్లో ఆడవాళ్ళు తుంగచాపలు నేస్తారు, అతను గురువారం గురువారం బస్సు మీద కట్ట వేసుకుని విజయవాడ వస్తాడు. మీ పుస్తకం సంగతి అతనే చెప్పి నవ్వించాడు. "అమ్మగారు నాకు హాజరు ఏస్తన్నారమ్మా. చిన్నప్పుడు బడికి పోలేదని ఇప్పుడు పట్టుకున్నారు. పోయేప్పుడు డబ్బా కోసం గేటు కాడ ఆగితే, ఉండు రత్తయ్యా, ముందు మూడు గంటలని రాసుకోనీ అన్నారు" అన్నాడు. పుస్తకంలో తన పేరు ఎక్కినందుకు అతనికి కొంచెం గర్వంగానే ఉంది.

ఒక సందేహం నాయనమ్మా. బయటివాళ్ళనే రాస్తే మన వీధివాళ్ళ రాకపోకలు ఎవరు రాస్తారు?

మీ మనుమరాలు,
సువార్త.

*

విజయవాడ,
18 ఆగస్టు 1974.

చిరంజీవి సువార్తకు దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. సంఘం పని ఎక్కువగా ఉంది. జూన్, జూలై, ఆగస్టులో ఇప్పటిదాకా ఒక్క దొంగతనం లేదు. శౌరమ్మ మళ్ళీ బిందెలు బయట తోముకుంటోంది. వేసవిలో తలుపులు బిగించుకుని ఉడికిపోయిన వీధి ఇప్పుడు కిటికీలు తీసుకుని పడుకుంటోంది. మైలవరం నుంచి వస్తూ, కిరసనాయిలు స్టవ్వు బాగుచేస్తానని రెండిళ్ళలో డబ్బు పట్టుకుపోయినవాణ్ణి నా పుస్తకం చూసే పట్టుకున్నారు. ఎస్సై గారు పక్క వీధులవాళ్ళను తీసుకొచ్చి పుస్తకం చూపించి, "ఇట్లా రాయాలి. ఇందులో ఒక్క అక్షరం అటూ ఇటూ ఉండదు" అన్నాడు. పొగడ్త నాకు గిట్టదు. కాని మాట నిజమే.

నీ సందేహానికి సంఘంలోనే నిర్ణయం జరిగింది. మనవాళ్ళను రాయనక్కరలేదు. పొరుగువాళ్ళ రాకపోకలు రాస్తే అది కాపలా అనిపించుకోదు, కొండెమవుతుంది.

రత్తయ్య చేత సున్నుండలు పంపాను. పదహారున్నాయి.

నాయనమ్మ,
సంపూర్ణమ్మ.

*

విజయవాడ,
22 సెప్టెంబరు 1974.

సువార్తకు దీవెనలు.

క్లుప్తంగా రాస్తున్నాను. పన్నెండో తేదీ గురువారం పోస్టాఫీసు అబ్రహాము ఇంట్లో ట్రాన్సిస్టరు రేడియో పోయింది. అతని భార్య తెరేసమ్మ రెండున్నరకు రేషను దుకాణానికి వెళ్ళి మూడింటికి తిరిగివచ్చింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఆ అరగంటలోనే పోయింది.

ఎస్సై పుస్తకం తెప్పించి చూశాడు. ఆ అరగంటలో వీధిలో ఉన్న బయటి మనిషి ఒక్కడే. చాపల రత్తయ్య, రాక 2.10, పోక 3.00. చాపలో చుట్టుకుంటే రేడియో కనిపించదు.

మొన్న పంతొమ్మిదిన మామూలుగానే వచ్చాడు. సంఘంవాళ్ళు ఈల వేశారు. కట్ట విప్పించి చాపలన్నీ వీధిలో బురదలో పరిచి చూశారు. ఏమీ దొరకలేదు. అమ్మేసి ఉంటాడన్నారు. కానిస్టేబులు తీసుకుపోయాడు. రాక 2.05, పోక 2.40, పోలీసులతో.

నమ్మిన మనిషే. అయినా రాసి ఉన్నదాన్ని కాదనలేం గదా. ఇకమీదట డబ్బాలు పోస్టులో పంపుతాను.

నాయనమ్మ.

*

చల్లపల్లి,
29 సెప్టెంబరు 1974.

నాయనమ్మగారికి వందనాలు.

మీ ఉత్తరం కంటే ముందే రత్తయ్య భార్య మాణిక్యమ్మ బడికి వచ్చింది. వరండా మెట్ల మీద కూర్చుని గంట అయ్యాక గాని నేను చూడలేదు. విజయవాడ వెళ్ళి, సబ్ జైల్లో అతన్ని చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చిందట.

"మా ఆయన అట్టాంటోడు కాదమ్మా. మీ సామాను ఎన్నిసార్లు తేలేదు? ఒక్క ఉండయినా తగ్గిందా?" అంది. తగ్గలేదని చెప్పాను.

అతను ఆమెకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఆ గురువారం చాపలన్నీ ముందు వీధుల్లోనే అమ్ముడుపోయాయట. మిగిలింది ఒక్కటే. మన వీధిలోకి వచ్చాడు గాని ఎవరూ పిలవలేదు, వెంటనే మళ్ళి, డబ్బా కోసం మన గేటు దగ్గర నిలబడ్డాడు. మూడుసార్లు "అమ్మగారూ" అన్నాడట. మీరు కుర్చీలో కళ్ళు మూసుకుని, తల వంచుకుని ఉన్నారు. ప్రార్థనలో ఉన్నారు గదా, పిలిస్తే పాపమని, చప్పుడు కాకుండా గేటు వేసి వెళ్ళిపోయాడు. అప్పుడు రెండుంబావు అయి ఉంటుందని అతని లెక్క.

నాయనమ్మా, ఆ వారం నాకు డబ్బా రాలేదు. పంపలేదేమో అనుకున్నాను.

నేను అడగవలసింది ఒక్కటే. ఆ రోజు మూడు గంటలకు అతను పోవడం మీరు చూశారా?

సువార్త.

*

విజయవాడ,
6 అక్టోబరు 1974.

సువార్తకు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆడపిల్లల బడిలో హాజరుపట్టీలు రాశాను. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, పోయారు, ఒక్కరూ ఒక్క తప్పు చూపించలేదు. నా చేతి రాత చూసి జీతాలిచ్చారు, పిల్లల్ని పై తరగతులకు పంపారు. ఇప్పుడు నా మనుమరాలు, చాపలమ్మే మనిషి భార్య చెప్పిన మాట పట్టుకుని నన్ను సాక్షిలా బోనులో నిలబెడుతోంది.

దొంగ పట్టుబడినవాడు తన ఇంటిదానితో మరేమి చెబుతాడు? గురువారాలన్నీ చూడు. జూన్ ఇరవై ఏడు, పోక 3.00. జూలై నాలుగు, 3.05. పదకొండు, 3.00. పద్ధెనిమిది, 2.55. ఆ మనిషిని చూసి గడియారం సరిచేసుకోవచ్చు. ఒక్క ఆ రోజు మాత్రం రెండుంబావుకే పోయాడంటే ఎవరు నమ్ముతారు?

తెరేసమ్మ ఆ రేడియో రెండేళ్ళు చీటీ కట్టి కొనుక్కుంది. ఆమె సంగతి నువ్వు ఒక్క మాటైనా అడగలేదు.

అటుకుల డబ్బా ఇక్కడే ఉంది. మెత్తబడిపోయింది.

సంపూర్ణమ్మ.

*

చల్లపల్లి,
13 అక్టోబరు 1974.

నాయనమ్మగారికి వందనాలు.

నా ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలో లేదు. మళ్ళీ అడగను. అడిగితే మీకు కోపం, అడగకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని విన్నది రాసి ఊరుకుంటాను.

నిన్న మాణిక్యమ్మ మళ్ళీ వచ్చింది. స్టేషన్లో అతన్ని ఇట్లా అడిగారట. "పుస్తకంలో మూడని ఉంది. నువ్వు రెండుంబావు అంటున్నావు. పుస్తకం అబద్ధమా, నువ్వు అబద్ధమా?"

దానికి రత్తయ్య, "అమ్మగారు అబద్ధం రాయరండి. నాకు గడియారం లేదు. మూడే అయ్యుండొచ్చండి. నాకే తెలవలేదేమో" అన్నాడట.

అది నేరం ఒప్పుకోవడమేనని రాసుకున్నారు.

సువార్త.

*

విజయవాడ,
27 అక్టోబరు 1974.

చిరంజీవి సువార్తకు నాయనమ్మ దీవెనలు.

నీ ఉత్తరం పదహారున అందింది. మూడు రోజులు దాన్ని బైబిలు కింద పెట్టి తిరిగాను. నాలుగో రోజు తీసి మళ్ళీ చదివాను.

నేను చూడలేదు.

పన్నెండో తేదీ రత్తయ్య వీధిలోకి రావడం చూశాను. రెండూ పది. రాశాను. ఆ తర్వాత నాకేమీ తెలియదు. ముందు రోజు చర్చి శుభ్రం చేయించాను, నడుము నొప్పిగా ఉంది, గాలి చల్లగా వీచింది. మూడుంబావుకు శౌరమ్మ కోళ్ళు అరిస్తే కళ్ళు తెరిచాను. వీధి ఖాళీగా ఉంది. పోక గడి కూడా ఖాళీగా ఉంది. ఆ గడి అట్లా చూడలేకపోయాను. రత్తయ్య ఎప్పుడు పోతాడు? మూడింటికి. రాసేశాను. సిరా ఆరకముందే దాన్ని నిజమనుకున్నాను. రేడియో పోయిందని తెరేసమ్మ గోల పెట్టినప్పుడు కూడా, నేను చూసే రాశానని నాకే అనిపించింది. నువ్వు అడిగిన రోజున మాత్రం గుర్తొచ్చింది. గుర్తొచ్చింది గనకే ఆ కోపం ఉత్తరం రాశాను. అది నువ్వు గ్రహించే ఉంటావు.

పగలు కునుకు తీసే ఆడవాళ్ళను ముప్పై ఎనిమిదేళ్ళు ఎత్తిపొడిచాను. నిద్రపోయానని చెప్పడం కంటే, ప్రార్థనలో ఉన్నానని అతను అనుకున్నదే చెప్పుకుని తప్పించుకోవచ్చునని కూడా ఒక రాత్రి ఆలోచించాను. అదీ నీకు తెలియాలి.

ఇరవయ్యో తేదీన సంజీవరావు గారిని తోడు తీసుకుని స్టేషనుకు వెళ్ళాను. ఎస్సై కుర్చీ వేయించాడు. సంగతి చెప్పాను.

"ఒక్క క్షణం కన్ను మూసి ఉంటారండి. అంతమాత్రానికి..." అన్నాడు.

"క్షణం కాదు. అరవై నిమిషాలు."

"అది ఎవరికి తెలుసండీ?"

"నాకు తెలుసు."

అతను తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. "అమ్మగారూ, నేను ఆ రత్తయ్య మీద కక్షతో లేను. కాని ఈ ఒక్క గీత పోతే పుస్తకమంతా పోతుంది. రేపు నిజం దొంగనే పట్టుకుంటాం. ప్లీడరు లేచి, ఇది రాసే ముసలావిడ నిద్రపోతుందటండీ అంటాడు. మిమ్మల్ని చూసి నాలుగు వీధులు పుస్తకాలు పెట్టుకున్నాయి. మూడు నెలలు మీ వీధంతా హాయిగా నిద్రపోలేదా?"

"పోయింది. నేనూ వాళ్ళతోబాటే నిద్రపోయాను. అదే చెప్పడానికి వచ్చాను" అన్నాను.

అతను చెప్పిందంతా తప్పు కాదు సువార్తా. ఆ మాట న్యాయంగానే రాస్తున్నాను. పుస్తకం వల్ల మేలు జరిగింది. అయినా ఆ మేలుకు తగిన ధర రత్తయ్య కట్టాలని ఎక్కడా లేదు. గీత కొట్టివేయలేదు. దాని కింద ఎర్ర సిరాతో, "పై పోక నేను చూసి రాసినది కాదు, నిద్రలో ఉన్నాను" అని రాసి సంతకం పెట్టాను. వేరే కాగితం మీద వాంగ్మూలం ఇచ్చాను. దాన్ని మేజిస్ట్రేటు ముందు పెడతామన్నారు. పెట్టేదాకా రోజూ పదింటికి వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటానని చెప్పాను. నాలుగు రోజులు కూర్చున్నాను. అయిదో రోజు పెట్టారు.

ఈ మధ్యాహ్నం సంఘం కూడింది. నిలబడి అంతా చెప్పాను. "మీరు చెప్పకపోతే ఎవరడిగేవాళ్ళండీ?" అని సంజీవరావు గారు మెల్లగా అన్నారు. శౌరమ్మ, "నన్నంత ఎత్తిపొడిచావే వదినా!" అంది. అని, నా చేయి పట్టుకుంది.

తెరేసమ్మ మాత్రం లేచి, "అయితే నా రేడియో ఎవరు తీసినట్టండీ? ఆ అరగంట ఎవరూ కాపలా లేరంటే ఎవరైనా కావచ్చు గదా. మనలోనే ఒకళ్ళా?" అని అడిగింది.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ముప్పై రెండు ఇళ్ళవాళ్ళు నేల చూస్తూ లేచి వెళ్ళిపోయారు. రత్తయ్య దొంగ అయినంతకాలం అందరం ఎంత కలిసికట్టుగా ఉన్నామో అప్పుడు తెలిసింది.

పుస్తకం సంజీవరావు గారికి అప్పగించాను. ఆయనే అడిగి తీసుకున్నారు.

మాణిక్యమ్మతో ఈ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పు. తగ్గించి చెప్పకు.

నీ నాయనమ్మ,
సంపూర్ణమ్మ.

*

చల్లపల్లి,
10 నవంబరు 1974.

ప్రియమైన నాయనమ్మా,

రత్తయ్య మంగళవారం ఇంటికి వచ్చాడు. సాక్ష్యం చాలదని కేసు మూసేశారట. నిన్న వెళ్ళి చూశాను. మనిషి సగమయ్యాడు. ఎడమ చేయి పైకి ఎత్తలేకపోతున్నాడు. ఎందుకని నేను అడగలేదు, అతను చెప్పలేదు. మాణిక్యమ్మ మజ్జిగ ఇచ్చింది.

మీ ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. "ముసలావిడ నిద్రపోయిందా!" అని మాణిక్యమ్మ తల పట్టుకుంది. "నలభై ఏడు రోజులమ్మా. నిద్రపోయానని చెప్పడానికి ఇన్ని రోజులా?" అంది. నేను మీ తరఫున ఏమీ అనలేదు.

రత్తయ్య, "స్టేషన్లో బల్ల మీద కూర్చున్నారా? నాలుగు రోజులా?" అని అడిగాడు. అవునన్నాను. "ఆ బల్లకు నల్లులు" అన్నాడు. అంతే.

మళ్ళీ విజయవాడ వస్తాడో లేదో తెలియదు. పల్లెలో పిల్లలు అతని వెనక ఈల వేస్తున్నారు.

మీకు కోపం వచ్చినా సరే అని ఆ ప్రశ్న రాశాను. వంద కొట్టివేతలతో రాశాను, మీకు పంపింది ఎత్తి రాసిన ప్రతి. మీ ఆరోగ్యం జాగ్రత్త. మధ్యాహ్నం కాసేపు పడుకోండి.

మీ సువార్త.

*

విజయవాడ,
8 డిసెంబరు 1974.

చిరంజీవి సువార్తకు నాయనమ్మ దీవెనలు.

మొన్న గురువారం రత్తయ్య వచ్చాడు.

ఎదురింటి అరుగు మీద సంజీవరావు గారు పుస్తకం తెరిచి కూర్చుని ఉన్నారు. పక్కన శౌరమ్మ బియ్యం చెరుగుతోంది. రత్తయ్య ఆయనవైపు చూడలేదు. కుడి భుజం మీద చిన్న కట్ట, అయిదు చాపలుంటాయేమో. నా గేటు ముందు నిలబడ్డాడు. నేను లేచాను. ఇన్ని రోజులుగా ఏం చెప్పాలో వరుసగా అనుకుని ఉంచుకున్నాను. అతను అవేవీ అడగలేదు.

"టైమెంతయిందండీ?" అన్నాడు.

"రెండూ ఎనిమిది."

"రాయండి."

"పుస్తకం నా దగ్గర లేదు రత్తయ్యా. ఇప్పుడు ఆయన రాస్తారు."

"ఆయన రాసేది ఆయన రాసుకుంటారు. నాది మీరు రాయండి."

"నేను తప్పు రాసినదాన్ని. నీ బతుకు..."

"అందుకేనండి" అన్నాడు. "మీరు ఒకసారి తప్పు రాశారు, ఇంక రాయరు. ఆయన తప్పు ఇంకా రాయలేదు."

శౌరమ్మ చేట పక్కన పెట్టి పడీపడీ నవ్వింది. సంజీవరావు గారి ముఖం ఎర్రబడింది. రత్తయ్య నవ్వలేదు.

లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం తెచ్చి అతని ముందే గీతలు గీసి రాశాను. "చదవండి" అన్నాడు. తేదీ, పేరు, పని, రాక, అన్నీ పైకి చదివాను. సరేనని వీధిలోకి వెళ్ళాడు.

ముప్పై ఒక్క తలుపుల ముందూ నిలబడి "చాపలమ్మా" అని కేక వేశాడు. అబ్రహాము ఇంటి ముందు కూడా నిలబడ్డాడు. తెరేసమ్మ తలుపు వేసుకుంది. రేడియో ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. సగం వీధి ఇంకా అతనే అనుకుంటోంది, మిగతా సగం ఒకళ్ళ కిటికీల్లోంచి ఒకళ్ళు చూసుకుంటోంది. ఎవరూ చాప కొనలేదు. నేను కుర్చీలో కూర్చోలేదు. అతను తిరిగి వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడే ఉన్నాను.

వచ్చాక మంచినీళ్ళు ఇవ్వబోయాను. వద్దన్నాడు. నీకు కట్టి ఉంచిన డబ్బా చూపించాను. "పోస్టులో పంపుకోండమ్మగారూ. ఇంక ఎవరి సామానూ నా చేత్తో మొయ్యను" అన్నాడు. కోపంగా అనలేదు. అట్లా అన్నా బాగుండేది.

"క్షమించు రత్తయ్యా" అన్నాను. ఆ మాట ఎదురింటికి వినిపించేట్టే అన్నాను.

అతను కట్ట భుజానికి సర్దుకున్నాడు. "వచ్చే గురువారం వస్తానండి. పోతున్నాను. చూస్తున్నారుగా?" అన్నాడు.

"చూస్తున్నాను."

అతను పెద్దరోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూశాను. తర్వాత రాశాను.

నీ నాయనమ్మ,
సంపూర్ణమ్మ.